పెరటిచెట్టు మందు

మన పూర్వులు ఇల్లు కట్టుకొనునపుడు వీధివైపున అరుగును, వెనుకవైపున పెరడును విడుచుట మఱచెడివారు కారు. అరుగు ఊరివారికొఱకు, పెరడు ఇంటివారికొఱకు. పెరటిలో నొక బావి, బావిగట్టున అరటిపిలకలు, దడిమీద దొండతీగ, పాకకప్పు మీదికి ప్రాకిన ఆనపపాదు, ఒక మూల మునగచెట్టు, వేఱొక మూల కరివేపమొక్క, వీని కన్నింటికిని పెద్దదిక్కుగా నొక వేపచెట్టు - ఇవి లేని యిల్లు కోస్తా పల్లెలలో అరుదుగా నుండెడిది. బియ్యము కడిగిన నీరు పాదులకు పోయెడిది. స్నానము చేసిన నీరు అరటిమొక్కలకు పాఱెడిది. పొయ్యిలోని బూడిద చిక్కుడుతీగపైకి చేరెడిది. ఇంటిలో పనికిరాని వస్తువు పెరటిలో పనికివచ్చెడిది. పెరటిలో పండినది తిరిగి వంటయింటికి వచ్చెడిది. ఈ రాకపోకలలో కాణీ ఖర్చు లేదు.

కాలక్రమమున ఇండ్లు ఇఱుకైనవి. బావులు పూడినవి. కూరగాయలు బండిమీదను, అంగడిలోను దొరకుచుండగా పెరటిలో శ్రమపడనేల యను తలంపు జనులలో ప్రబలినది. అయినను ఇంటికూరకు గల విలువ తగ్గలేదు. 1918లో కూనూరునందు మెకారిసన్ అను వైద్యశాస్త్రజ్ఞుడు ఒక చిన్న పరిశోధనశాలను ప్రారంభించెను. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై వెలయుచున్నది. ఆ సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము, దినమునకు 2000 కేలరీల శక్తినిచ్చు ఆహారమును భుజించు వ్యక్తి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలను తినవలెను. పేదయింటి కంచములో ఇన్ని కూరలు కనబడుట కష్టము. ఆకుకూరలు కఱవైన యిండ్లలో పిల్లలకు రేచీకటి కలుగుట ఒకప్పుడు సాధారణముగా నుండెడిది. తోటకూర, మునగాకు వంటి వానిలో నుండు పసుపుపచ్చని పదార్థము మన శరీరములో 'ఎ' విటమినుగా మాఱి కన్నులను కాపాడును. దడిప్రక్క నాటిన యొక మునగకొమ్మ పసిపిల్లల చూపును నిలుపగలదన్నచో పెరటితోట వట్టి వేడుక కాదని తెలియుచున్నది.

కాని పెరటితోట పెంచువాడు ఒక సత్యమును మొదటనే గ్రహింపవలెను. అతడు నాటిన మొక్కను తినగోరువాడు అతడొక్కడే కాడు. విత్తనము మొలకెత్తిన దినమునుండియే ఆకును కొఱుకునవి, రసమును పీల్చునవి, కాయను తొలుచునవి, వేరును కత్తిరించునవి బయలుదేరును. వానిని చూచి నిరాశపడి తోటను విడిచిపెట్టువారు కొందఱు. కోపించి విషమును తెచ్చి చల్లువారు మఱికొందఱు. ఈ రెండు మార్గములకు నడుమ మూడవ మార్గ మొకటి కలదు. గుంటూరు జిల్లాలోని యొక నల్లరేగడి పల్లెలో ఒక కుటుంబమువారు ఆ మార్గమున నడచిన తీరు ఇందుకు తార్కాణము.

ఆ యింటి వెనుక రెండు సెంట్ల నేల, అనగా సుమారు 97 చదరపు గజముల పెరడు కలదు. ఇంటి యజమాని పత్తియు మిరపయు పండించు రైతు. పెరటి పాలన మాత్రము అతని తల్లిది. ఆమె చదువుకొన్నది కాదు. కాని కార్తెలను వేళ్ళమీద లెక్కింపగలదు. మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి జల్లు పడగానే ఆమె వంగనారు పోసెను. బెండవిత్తనములను మళ్ళలో నాటెను. దడివెంట బీర, కాకర, చిక్కుడు పాదులు పెట్టెను. ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలు బడినుండి వచ్చి ఆమెకు సాయపడుచుండెడిది.

మొదట వచ్చినది ఎఱ్ఱ పెంకుపురుగు. బీరపాదు రెండాకులు విప్పెనో లేదో, ఈ పురుగులు గుంపులుగా వ్రాలి ఆ లేత ఆకులను చిల్లులు చేసెను. ముసలమ్మ కలవరపడలేదు. తెల్లవాఱుజామున ఆకులపై మంచుతడి ఆఱకముందే పొయ్యిబూడిదను జల్లెడలో పోసి పాదులపై పలుచగా రాల్చెను. బూడిద అంటుకొన్న ఆకు పురుగునకు రుచింపదు. ఉదయపు చల్లదనమున పెంకుపురుగులు చుఱుకుగా ఎగురలేవు గనుక, వానిని చేతితో ఏరి నీటిలో పడవేయుటయు సులభము. పది దినములు ఈ విధముగా కాపాడునంతలో పాదులు నాలుగైదాకులు తొడిగి నిలద్రొక్కుకొనెను. మొక్క చిన్నదిగా నున్నపుడు చేసిన రక్షణ దాని జీవితమంతయు నిలుచునని ఆమె యనుభవము.

తరువాత బెండమడిలో పల్లాకు తెగులు కనబడెను. ఆకుల యీనెలు పసుపువన్నెకు తిరిగి, వలవలె మెఱయజొచ్చెను. చూచుటకు అందముగా నుండు ఈ తెగులు బెండకు ప్రాణాంతకము. దీనిని ఒక మొక్కనుండి మఱియొక మొక్కకు మోసికొనిపోవునది తెల్లదోమ. తెగులు సోకిన మొక్కకు చికిత్స లేదు. ముసలమ్మ ఒక్క నిమిషమైనను సంశయింపక ఆ మొక్కలను వేళ్ళతో పెఱికివేయ మొదలిడెను. "పచ్చగానే యున్నవి గదా, నాయనమ్మా! ఇంకను కాయలు కాయవచ్చును," అని మనుమరాలు జాలిపడెను. "ఇవి నాలుగు కాయలు కాచునంతలో నలుబది మొక్కలను చెఱచును, తల్లీ," అని ఆమె బదులు చెప్పెను. ఆ యేడు బెండపంట సగము పోయినది. తెగులును తట్టుకొను వంగడములను శాస్త్రజ్ఞులు రూపొందించిరి. అర్క అనామిక, పర్భణి క్రాంతి అట్టివే. మఱుసటి యేట అట్టి విత్తనమును తెప్పింపవలెనని ముసలమ్మ నిశ్చయించుకొనెను. పోయిన పంటకు ఏడ్చుటకంటె వచ్చు పంటకు విత్తనము వెదకుట మేలు గదా!

అసలు పరీక్ష వంగమడిలో ఎదురయ్యెను. శ్రావణమాసము గడచునప్పటికి మొక్కలు మోకాలెత్తు పెరిగి పూత కెదిగెను. ఒక ఉదయమున చూడగా కొన్ని కొమ్మల చివరలు వాడి తలలు వ్రేలవేసెను. నీరు లేక వాడినవేమో యని కోడలు రెండు బిందెల నీరు పోసెను. సాయంకాలమునకును అవి తేఱుకొనలేదు. ముసలమ్మ ఒక కొమ్మను విఱిచి గోటితో చీల్చి చూపగా, లోపల గులాబివన్నె పురుగొకటి కదలెను. ఇది కొమ్మను, కాయను తొలుచు పురుగు. దీని తల్లి తెల్లని రెక్కలపై గోధుమరంగు మచ్చలు గల చిన్న రెక్కలపురుగు. అది రాత్రివేళ ఆకుల అడుగుభాగమునను, లేత కొమ్మలయందును గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు గ్రుడ్డునుండి వెలువడిన కొద్దిసేపటికే కొమ్మలోనికి దూఱును. కాయలు వచ్చిన పిమ్మట కాయలలోనికి దూఱి, వచ్చిన త్రోవను తన పెంటతో మూసికొనును. పైకి నిగనిగలాడు కాయను కోసినచో లోపల పుచ్చు. మన దేశములో వంగతోటల కింతకంటె పెద్ద శత్రువు లేదు.

ఆ రాత్రి భోజనమువేళ కొడుకు తల్లితో, "అమ్మా, చేనుకు కొట్టగా మిగిలిన మందు కొంచెము డబ్బాలో నున్నది. రేపు వంగమడిపై కొట్టెదను. ఒక్క పూటలో పురుగు పోవును," అనెను.

అతడు దురాలోచనతో పలికిన మాట కాదు. పురుగు రైతు కొంపను ముంచుట అతడు చిన్ననాడే చూచియుండెను. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలపై తెల్లదోమ విరుచుకొనిపడి, ఎందఱో రైతులను అప్పులపాలు చేసినది. పురుగనగానే మందు అని అతని చేతికి అలవాటైనది. కాని ఆ తెల్లదోమ అంతగా పెచ్చుపెరుగుటకు మందులను మితిమీఱి వాడుటయే ఒక ముఖ్యకారణమని పిమ్మట శాస్త్రజ్ఞులు తేల్చిరి. దోమను తిను మేలుపురుగులు మందువలన నశించెను; మందునకు అలవాటుపడిన దోమ మిగిలెను.

తల్లి కొంతసేపు మౌనముగా నుండి, "నాయనా, చేలోని పత్తిని మనము తినము. ఈ వంకాయలను రేపో మాపో కోసి నీ బిడ్డకు వండి పెట్టవలెను. మందు కొట్టినచో ఎన్ని దినములు కోయరాదో ఆ డబ్బామీద వ్రాసియున్నదా?" అని యడిగెను.

మనుమరాలు లేచిపోయి, డబ్బాను తాకకుండ దీపము వెలుగులో దానిపై ముద్రించిన గుర్తును చూచి వచ్చెను. ప్రతి పురుగుమందు డబ్బాపైనను మూలమీద నిలిపిన చతురస్రపు గుర్తొకటి యుండును. దాని క్రింది సగములో ఎఱుపు వన్నె యున్నచో ఆ మందు అత్యంత విషపూరితము. పసుపు వన్నె మిక్కిలి విషపూరితము. నీలివన్నె ఒక మోస్తరు విషము. ఆకుపచ్చ కొంచెము విషము. 1968లో భారతదేశమున చేయబడిన కీటకనాశినుల చట్టమును అనుసరించి ఏర్పడిన గుర్తు లివి. "ఎఱుపు గుర్తున్నది, నాన్నా. వంగమొక్కలకు వాడవచ్చునని అందులో ఎచ్చటను వ్రాయలేదు," అని ఆ బాలిక చెప్పెను. పైగా పురుగు కొమ్మలోనికిని, కాయలోనికిని దూఱిన తరువాత పైన చల్లిన మందు దానికి సరిగా తగులనే తగులదు. అది తినువారికి మాత్రము తప్పక తగులును.

కొడుకు వాదింపలేదు, ఒప్పుకొననును లేదు. "మందు లేక ఈ మడి దక్కునా?" అనెను. "దసరా వఱకు గడువిమ్ము. అప్పటికి దక్కకున్న మడిని దున్నివేయుము," అని తల్లి పలికెను. ఆ యొడంబడికపై ఆనాటి భోజనము ముగిసెను.

మఱునాటినుండి నాయనమ్మయు మనుమరాలును సూర్యోదయమునకు ముందే వంగమడిలో నిలిచెడివారు. వాడిన ప్రతి కొమ్మను, వాడినచోటికి అంగుళము దిగువగా కత్తిరించి, ఏరిన వానినన్నింటిని పొయ్యిలో వేసి కాల్చెడివారు. రాలిన ఆకులను, పుచ్చుకాయలను మడిలో నుండనీయలేదు. ఏలయన, పురుగు తన నిద్రావస్థను రాలిన చెత్తలోనే గడపి, మరల రెక్కలపురుగై లేచును. బాలిక తన నోటుపుస్తకములో ఏ దినమున ఎన్ని కొమ్మలు కత్తిరించినదియు వ్రాసికొనుచుండెడిది. మొదటి వారములో అంకెలు పెరుగుచు పోయెను. రెండవ వారమున అవి పెరుగనును లేదు, తగ్గనును లేదు. బాలిక మనసు దిగజాఱెను. "కత్తిరించినకొలది మఱల వచ్చుచునే యున్నవి, నాయనమ్మా," అనెను. "వచ్చునవి మన కాల్చిన వాని బిడ్డలు కావు. మనకంటె ముందు పెట్టిన గ్రుడ్లలోనివి. గ్రుడ్లు ముగియువఱకు ఓర్వవలెను," అని ముసలమ్మ చెప్పెను.

ఆ మడిలోనే బాలిక కొక క్రొత్త సంగతి తెలిసెను. వంగఆకులు కొన్ని పచ్చదన మంతయు గీకివేయబడి జల్లెడలవలె కనబడెను. ఆకుపై రాగివన్నె వీపును, నల్లని చుక్కలును గల గుండ్రని పురుగు కూర్చుండెను. ప్రక్కనే చిక్కుడుతీగపై కూడ నట్టి చుక్కలపురుగే తిరుగుచుండెను. జనులు ఈ రెండింటిని కూడ అక్షింతల పురుగనియే పిలుతురు. రెండును ఒక్కటే యని తలచి బాలిక రెండింటిని నలుపబోగా నాయనమ్మ చేయి పట్టుకొనెను. చూపు కొకటిగానున్నను ఇవి వేఱు. వంగపై వ్రాలునది ఆకును తినునది. దాని వీపు మెఱుపు లేక సన్నని నూగుతో మసకగా నుండును. చుక్కలు 12గాని 28గాని యుండును. చిక్కుడుపై వ్రాలునది పేనుబంకను తినునది, దాని వీపు నూనె రాచినట్లు నిగనిగలాడును, చుక్కలు తక్కువ. మొదటిది దొంగ, రెండవది కాపలాదారు. దొంగను పట్టుకొను తొందరలో కాపలాదారును చంపినవాడు తెల్లవాఱునప్పటికి ఇల్లంతయు పోగొట్టుకొనును.

ఆ కాపలాదారు పని కార్తికమాసమున బయటపడెను. చిక్కుడుపూత వచ్చునపుడు లేతకొమ్మల నిండ నల్లని పేనుబంక పట్టెను. ఈ చిన్నపురుగులు రసమును పీల్చి, తేనెవంటి తీయని జిగురును విడుచును. ఆ జిగురుకొఱకు చీమలు బారులు తీర్చి వచ్చి, పేనుబంకను పసులకాపరులవలె కాచుచు, దానిని తినవచ్చు మేలుపురుగులను తఱిమివేయును. కావున ముసలమ్మ ముందుగా చీమలు ఎక్కు పందిరికఱ్ఱల మొదళ్ళకు ఆముదము పూసెను. మిక్కిలి పట్టిన కొమ్మలను త్రుంచివేసెను. మిగిలినవానిని సబ్బునీటితో కడిగెను. పది పండ్రెండు దినములకు అక్షింతల పురుగులును, వాని పిల్లలును బలగముతో వచ్చి మిగిలిన బంకను తిని శుభ్రము చేసెను. రథసప్తమినాడు సూర్యునికి చిక్కుడుకాయల రథము కట్టుటకు అంగడికి పోవలసిన పని ఆ యింటివారికి లేకపోయెను.

ఇక కాకరపాదునకు పండుఈగ పట్టెను. ఇది పిందె చర్మము క్రింద గ్రుడ్లు పెట్టును. పిందె వంకరపోయి, లోపల పురుగులు పడి, కుళ్ళి రాలును. రాలిన పిందెలను అక్కడనే విడిచినచో పురుగులు మట్టిలోనికి దిగి మఱల ఈగలై లేచును. అందుచే వానిని ఏరి రెండడుగుల లోతున పాతిపెట్టిరి. పాదు క్రింది మట్టిని అప్పుడప్పుడు గుల్లచేసి ఎండకు విప్పిరి. కోడలు పాత వార్తాపత్రికలతో సంచులు కట్టి పిందెలకు తొడిగెను. చూచిన పొరుగువారు నవ్విరి. కాని సంచిలోని కాకరకాయ మచ్చలేక పెరిగెను.

మునగచెట్టు మొదట గొంగళిపురుగులు చేరినపుడు కాగడాపని పెద్దవారే చేసిరి. ఇవి పగలు మానుపై గుంపుకట్టి నిదురించును గనుక, గుడ్డచుట్టిన కఱ్ఱను వెలిగించి దూరమునుండి కాల్చుట సులభము. వాని వెండ్రుకలు తగిలినచో చర్మము దద్దురులెక్కును; అందుచే పిల్లలు దగ్గఱకు పోరాదు.

పురుగులను చంపువారు మనుష్యులు మాత్రమే కారు. గోరువంకలు, తొండలు, కప్పలు, సాలెపురుగులు జీతములేని సేవకులు. పెరటి నడుమ ఒక కఱ్ఱకు అడ్డముగా పుల్లను కట్టి పాతినచో పక్షులు దానిపై వ్రాలి లద్దెపురుగులను ఏరుకొనును. తొండను చూడగానే రాయి విసరు బాలురు తమ యింటి కావలిని తామే కొట్టుచున్నారని యెఱుగరు. మడిగట్టున నాలుగు బంతిమొక్కలు నాటినచో కాయతొలుచు పచ్చపురుగు తల్లి వానిపై గ్రుడ్లు పెట్టి టమాటను కొంతవఱకు విడుచును. నాలుగు మూలల ఆముదపు మొక్కలున్నచో పొగాకు లద్దెపురుగు వాని పెద్ద ఆకులపై కుప్పగా గ్రుడ్లు పెట్టును. ఆ ఆకును త్రుంచి కాల్చినచో ఒక్క దెబ్బతో వందలాది పురుగులు నశించును. పసుపురంగు పూసిన డబ్బాపై ఆముదము రాచి మొక్కలనడుమ నిలిపినచో తెల్లదోమ ఆ రంగునకు ఆకర్షింపబడి అంటుకొని చచ్చును.

ఇన్నింటికిని పైన పెరటిలోని వేపచెట్టు కలదు. 'పెరటిచెట్టు మందునకు పనికిరా'దని మనలో సామెత. దగ్గఱనున్నదానికి గౌరవము లేదని దాని భావము. ఈ సామెత వేప విషయమున అక్షరాల నిజమై, తుదకు అక్షరాల అబద్ధమైనది.

1939లో పాల్ ముల్లర్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు డి.డి.టి. పురుగులను చంపునని కనిపెట్టెను. దోమలను అరికట్టి అసంఖ్యాక ప్రాణములను కాపాడినందున 1948లో అతనికి నోబెల్ బహుమతి లభించినది. కాని ఆ మందు నేలలోను, నీటిలోను, జంతువుల క్రొవ్వులోను ఏండ్లతరబడి చెడక నిలుచునను సంగతి పిమ్మట బయటపడెను. 1962లో రేచల్ కార్సన్ అను అమెరికా రచయిత్రి తన గ్రంథములో ఈ ప్రమాదమును లోకమునకు చాటెను. మన దేశమున 1989లో వ్యవసాయమునకు డి.డి.టి. వాడుక నిషేధింపబడెను. ఒకప్పుడు ప్రతి పల్లెలోను పెరటిమొక్కలపై చల్లిన బి.హెచ్.సి. పొడి 1997లో నిషేధమునకు లోనయ్యెను. 2011లో సుప్రీముకోర్టు ఎండోసల్ఫాన్‌ను నిలుపుచేసెను. ఒక తరమువారు మేలని చల్లినది తరువాతి తరమువారు హానియని మానవలసివచ్చినది.

ఈ కాలములోనే వేప గొప్పతనము లోకమునకు తెలియజొచ్చెను. 1959లో సూడాను దేశమున మిడుతలదండు వచ్చి పచ్చని యాకెల్ల తినివేసినను, వేపచెట్లు మాత్రము నిలిచియుండుట జర్మను శాస్త్రజ్ఞు డొకడు గమనించెను. 1962లో ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు వేపగింజల పప్పును నూఱి నీటిలో కలిపి పైరులపై చల్లగా మిడుతలు వానిని తినక విడిచెను. 1968లో ఆ గుణమునకు మూలమైన ఎజాడిరాక్టిన్ అను పదార్థమును ఇంగ్లండులో వేఱుపఱచిరి. ఇది పురుగును వెంటనే పడగొట్టదు. ఆకును తిననీయదు, తిన్న పురుగును కుబుసము విడిచి పెరుగనీయదు. 1994లో వేపనూనెతో బూజుతెగుళ్ళను అరికట్టు పద్ధతికి విదేశీయులు ఐరోపాలో పేటెంటు పొందగా, అది భారతదేశమున చిరకాలమునుండి తెలిసిన విద్యయే యని మనవారు వాదించిరి. 2000లో ఆ పేటెంటు రద్దయ్యెను. దానిపై చేసిన అప్పీలు 2005లో కొట్టివేయబడెను. పెరటిచెట్టు మందునకు పనికివచ్చునని న్యాయస్థానమువఱకు పోయి ఋజువు చేసికొనవలసివచ్చినది!

ఆ పల్లెలోని ముసలమ్మకు ఈ చరిత్ర తెలియదు. జ్యేష్ఠ ఆషాఢములలో రాలిన వేపపండ్లను ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడన ఆఱబెట్టి గుడ్డసంచిలో దాచుట మాత్రము తెలియును. ఆమె గింజలను కొట్టి పప్పుతీసి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నూఱిన పిండిని మూటగట్టి రాత్రియంతయు నానవేసెడిది. ఉదయమున మూటను పిసికి, గుడ్డతో వడగట్టి, మొక్కల కంటుకొనుటకు చిటికెడు సబ్బుపొడి కలిపెడిది. ఎండవేడిమికి వేపసారము బలము తగ్గును గనుక సాయంకాలమునందే, ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లెడిది. వారమున కొకసారి ఈ పని జరిగెను. చల్లిన కషాయమును నిలువచేయక నాటిది నాడే వాడెడిది.

దసరానాటికి బాలిక నోటుపుస్తకములోని అంకెలు బాగుగా తగ్గెను. తోట పురుగులేని తోట కాలేదు. కోసిన మూడు కాయలలో నొకటి పుచ్చుగానే యుండెను. అట్టి దానిని కాల్చివేసి మిగిలిన రెండింటిని వండుకొనిరి. అంగడికి పంపువానికి ఆ నష్టము భారమగును. ఇంటికి వండుకొనువారికి కాదు. పండుగనాడు కోడలు గుత్తివంకాయ కూర చేసెను. కొడుకు మఱియొకసారి వడ్డించుకొని తినెను, మందుమాట యెత్తలేదు. భోజనానంతరము వసారాలోని మందుడబ్బాను తీసికొనిపోయి, పిల్లలకు అందని చోట, పొలములోని కొట్టములో తాళమువేసి వచ్చెను. మఱుసటి వేసవిలో వేపపండ్లు రాలు దినములలో చెట్టుక్రింద గోనెపట్టా పఱచినవాడు అతడే. పెరటికి కావలసినదానికంటె పదిరెట్లు గింజలు ఏరి, "మిరపచేనుకు గూడ చూచెదను," అని మాత్రము పలికెను.

నేడు పెరడులేని పట్టణవాసులును నిరాశపడవలసిన పనిలేదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో ఎందఱో మిద్దెలపై పాతతొట్లలోను, డబ్బాలలోను, సంచులలోను మట్టిపోసి కూరలు పండించుచున్నారు. తొట్టి అడుగున రంధ్రముండవలెను. నీరు నిలిచినచో వేరు కుళ్ళును. మట్టిలో చివికిన పశువులఎరువును, కొంచెము వేపపిండిని కలుపవలెను. మిద్దె భారమును మోయగలదో లేదో పెద్దలు ముందుగా చూచుకొనవలెను. మూడవ అంతస్తుననున్నను పేనుబంక దారి కనుగొనును. అక్షింతల పురుగును కనుగొనును.

పెరటితోట కావలసినది డబ్బుకంటె ఎక్కువగా చూపు. దినమునకొకసారి ప్రతి మొక్కవద్దను నిలిచి, ఆకును తిరుగవేసి చూచువాని తోటలో పురుగు రాజ్యమేలదు. గ్రుడ్లుగా నున్నపుడు ఒక వ్రేలితో పోవునది, పురుగైన పిమ్మట రెండు చేతులతో పోదు. కాయలో దూఱిన తరువాత చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొన్నట్లగును. ఏ పురుగు శత్రువో, ఏది మిత్రమో తెలిసికొనక చేయెత్తరాదు. పండినదానిలో కొంత పురుగునకు పోయినను, మిగిలినది నిర్భయముగా పసిపిల్లల కంచములో పెట్టదగినదై యుండవలెను. అట్టి కూరను పండించినవాడు రెండు సెంట్ల నేలకే యజమాని యైనను, తన యింటివారి ఆరోగ్యమునకు కాపరియే యగును.